అంజయ్య పంపిన నీళ్ళు

అంజయ్యన్నని తిట్టడానికి ఇప్పుడు మా ఊళ్ళో ప్రతివాడికీ నోరొచ్చింది. నేనూ తిట్టాను. బస్సులో నలుగురూ వింటుండగా, వయసు కూడా చూడకుండా తిట్టాను. కానీ ఆ మనిషి గురించి చెప్పమంటే తిట్లతో మొదలుపెట్టడానికి మనసొప్పట్లా. ఇరవై ఆరేళ్ళు ఊరికి నీళ్ళు పోసిన మనిషి. ఆ నీళ్ళే ఊరిని తింటున్నాయని ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు. తెలిసే దారి ఒక్కటుంటే దాన్ని ఆయనే తన చేతులతో మూసేశాడు. ఆయన మూస్తుంటే నేను పక్కనే కూర్చుని సాయం చేశాను.

నా పేరు రేచల్. నల్లబండపాలెం అంగన్‌వాడీలో టీచర్ని. బొల్లాపల్లి దాటి కొండల వైపు లోపలికి పోతే మా ఊరొస్తుంది. చుట్టూ మెట్ట చేలు. మిరప, పత్తి, కంది. సాగర్ కాలవ మా దాకా రాలా. తాగేదానికైనా, పశువులకైనా, పైరుకైనా బోరు నీళ్ళే గతి.

అంజయ్యన్న వాళ్ళది రాళ్ళు కొట్టుకుని బతికే ఇల్లు. మీసాలు రాకముందే క్వారీకి పోయాడు. పాతికేళ్ళ వయసులో బండ జారి ఎడమ కాలి మీద పడితే మూడు వేళ్ళు పోయినయ్. సమ్మెట ఎత్తి నిలబడలేని వాడికి క్వారీలో ఎవడు పని ఇస్తాడు? కొన్నేళ్ళు ఆ పనీ ఈ పనీ చేశాక, అప్పటి సర్పంచి జాలిపడి పంచాయితీ పంపు ఆపరేటరుగా పెట్టించాడు. జీతం పేరుకే. అయినా ఆయన లెక్కలో అది పెద్ద గవర్నమెంటు ఉద్యోగం. ఎవరూ కుట్టించుకోమనకపోయినా ఖాకీ చొక్కా కుట్టించుకున్నాడు. చర్చి ముందు నుంచి సైకిలు మీద పోతుంటే మా నాన్న "ఎస్సై గారు వెళ్తున్నార్రా" అని ఎగతాళి చేసేవాడు. ఆయన నవ్వి బెల్లు కొట్టి పోయేవాడు.

చదువు రాదు గానీ పని వచ్చు. మోటారు శబ్దం విని, నీళ్ళు ఎంత కిందికి పోయినయ్యో చెప్పేవాడు. ఏ బజారుకి వాల్వు ఎన్ని తిప్పులు తిప్పాలో ఆయన చేతికి తెలుసు. మా క్రైస్తవుల పల్లె మెరక మీద ఉంటుంది, నీళ్ళు తొందరగా ఎక్కవు. ఆయనకి ముందు పనిచేసినోడు పెద్దకులాల పైబజారు, పేరుకే పై గానీ ఉండేది పల్లంలో, మొత్తం పట్టుకున్నాకే మాకు వదిలేవాడు. అడుగున ఎర్రగా మిగిలినయ్యే మాకు. అంజయ్యన్న వచ్చిన మొదటి వారమే ఆ వరస మార్చాడు. "మెరకోళ్ళకి ముందియ్యాల, పల్లపోళ్ళకి ఎట్టాగూ వస్తయ్" అన్నాడు. పైబజారు పెద్దోళ్ళు గొడవకొచ్చారు. వాల్వు తిప్పే ఇనప కడ్డీ వాళ్ళ ముందు పడేసి "అయితే మీరే తిప్పుకోండి" అన్నాడంట. ఎవరూ తీసుకోలా. అందుకే మా పల్లెలో ఆయనంటే ప్రాణం.

కొడుకు బ్రహ్మం పెళ్ళిలో కూడా అంతే. తాళి కట్టే టయానికి పెళ్ళికొడుకు తండ్రి పందిట్లో లేడు. ట్యాంకు పొంగిపోతుందని మోటారు ఆపడానికి పోయాడు. ఆయన భార్య పిచ్చమ్మ వదిన అక్షింతలు చేతిలో పెట్టుకుని "ఈ మనిషికి నేను ఒక పెళ్ళాన్ని, ఆ మోటారు ఇంకో పెళ్ళాం" అని అందరి ముందూ ఆడిపోసుకుంది. 

ఇంక మా ఊరి రోగం సంగతి. మా పిల్లలు నవ్వితే పళ్ళ మీద గోధుమ రంగు గీతలు. దాన్ని మేం రోగం అనుకోలా, బద్ధకం అనుకున్నాం. "పళ్ళు తోముకోవేందిరా మొద్దూ" అని నేనే ఎంతమంది చెవులు మెలేశానో. ఆ పిల్లలు పాపం తోముకునే వచ్చేవాళ్ళు. నడివయసు దాటితే నడుములు వంగిపోయేవి. అదీ రోగం అనుకోలా, వాతం అనుకున్నాం, కూలి పని అనుకున్నాం. పిచ్చమ్మ వదినకి నలభై ఐదేళ్ళకే మెడ బిగుసుకుపోయింది. వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది. "ఏమే పిచ్చమ్మా, మిలిటరీలో చేరావా?" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆమే ముందు నవ్వేది. ఇప్పుడు తిరగడం కూడా లేదు. మంచం మీదే అన్నీ.

బ్రహ్మం లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే. వాడి కూతురు గోపిక. పుట్టినప్పుడు ముద్దబంతి మాదిరి ఉండేది. మూడేళ్ళప్పుడు నా అంగన్‌వాడీకి వచ్చింది. పాటకి అందరికంటే ముందు లేచేది, చేతులు అందరికంటే పైకి ఎత్తేది. నాలుగో ఏడు దాటాక కూర్చుని లేవడానికి నేల మీద చేతులు ఆనించడం మొదలుపెట్టింది. ఆరేళ్ళకి మోకాళ్ళు బయటికి వంగినయ్. నిలబడితే రెండు కాళ్ళ మధ్యలోంచి కుక్కపిల్ల దూరిపోయేంత సందు. నిజంగానే దూరేది, గోపిక పకపకా నవ్వేది.

నిరుడు దసరా సెలవుల్లో, గోపికకి ఏడో ఏడు నడుస్తుండగా, నరసరావుపేట తీసుకెళ్ళాం. దాని తల్లి లక్ష్మీతిరుపతమ్మ, అంజయ్యన్న, నేను. ఎముకల డాక్టరు పిల్ల పళ్ళు చూశాడు, మోకాళ్ళు చూశాడు, ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చూశాడు. మందుల సంగతి చెప్పకుండా "ఏ ఊరు? ఏం నీళ్ళు తాగుతారు?" అని అడిగాడు.

"బోరు నీళ్ళు సార్. నేనే వదులుతా" అన్నాడు అంజయ్యన్న, కాస్త గర్వంగానే.

"ఫ్లోరైడు. నీళ్ళల్లో ఉంది. ఎముకల్లో చేరింది" అన్నాడు డాక్టరు. లీటరు నీళ్ళల్లో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంట. "పిల్ల ఎముకలు ఇంకా లేతగా ఉన్నాయి. ఇప్పుడు నీళ్ళు మారిస్తే, పాలు, గుడ్లు, మందులు ఇస్తే చానా వరకు సర్దుకుంటాయి. ఇంకో మూడేళ్ళు ఇవే నీళ్ళయితే నేను కాదు గదా ఎవరూ ఏం చెయ్యలేరు. తాగడానికే కాదమ్మా, అన్నం వండేదానికి కూడా ఈ నీళ్ళు వద్దు."

నేను ఆగలేక "పిల్లలకి నీళ్ళు కాచి చల్లార్చి పోస్తాను సార్, ఒక్కరోజు కూడా తప్పలా" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. "కాస్తే పురుగు చస్తుందమ్మా. ఫ్లోరైడు చావదు. ఆవిరి పోయే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది." పద్దెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే పొయ్యి రాజేసి నేను చేసిన సేవ అది. ఆ రోజు తిండి సయించలా నాకు.

అప్పుడు తెలిసింది, సాగర్ నీళ్ళు ఫ్లోరైడు ఊళ్ళకి పైపుల్లో ఇచ్చే స్కీము నడుస్తోందని. మా మండలంలో చానా ఊళ్ళు ఆ లిస్టులో ఉన్నయ్. మా ఊరు లేదు. ఏదో పొరపాటున వదిలేశారనుకున్నాం. మా సచివాలయంలో కొత్తగా వచ్చిన ఇంజనీరింగ్ అసిస్టెంటు శ్రీకర్ మంచివాడు. అర్జీ తనే టైపు చేసి, సోమవారం అర్జీలు తీసుకునే రోజు మాతో పాటు నరసరావుపేట నీళ్ళ ఆఫీసుకి వచ్చాడు. అంజయ్యన్న గోపికని చంకనేసుకుని వచ్చాడు. ఎక్స్‌రే కవరు కంటే పిల్లనే చూపిస్తే ఆఫీసరు కరుగుతాడని ఆయన ఆశ.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. గోపికకి తన టేబులు మీది బిస్కెట్ ఇచ్చాడు. తర్వాత కంప్యూటర్లో మా ఊరి పేరు కొట్టి చూసి, "అమ్మా, మీ ఊళ్ళో ఫ్లోరైడు లేదు" అన్నాడు.

"లేకపోవడం ఏంది సార్? పిల్ల కాళ్ళు చూడండి" అన్నాను.

"పిల్ల కాళ్ళని బట్టి లిస్టు రాయరమ్మా. ల్యాబు రిపోర్టుని బట్టి రాస్తారు. పదకొండేళ్ళు, ఏడాదికి రెండు, ఇరవై రెండు రిపోర్టులు. ఒక్కటి కూడా పాయింట్ ఆరు దాటలా. ఈ మూడేళ్ళయితే పాయింట్ వన్. ఇంత మంచి నీళ్ళు మా ఇంట్లో కూడా రావు. మీ ఊరేమన్నా కాశ్మీర్లో ఉందా?"

శ్రీకర్ ఏదో చెప్పబోయాడు. ఈలోపు అంజయ్యన్న ముందుకొచ్చి, "అయ్యా, ఆ రిపోర్టులు ఏ నీళ్ళకి?" అని అడిగాడు.

"మీ స్కూలు దగ్గర బోరు. ఇదిగో, బాటిలు చీటీలో ఉన్నట్టే ఎక్కించారు. పంపింది పంపు ఆపరేటరు అంజయ్య అట."

అంజయ్యన్న గోపికని నెమ్మదిగా కిందికి దించాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. నేను ఇంకా ఆఫీసరుతో వాదిస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు.

ఆ బాటిళ్ళ సంగతి నాకు బాగా తెలుసు. వానలకి ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి ఆఫీసు తరఫున ఒకాయన బండి మీద వచ్చేవాడు. రూలు ప్రకారం ఆయనే బోరు దగ్గర నిలబడి, ఆ నీళ్ళతోనే మూడు సార్లు బాటిలు కడిగి, తనే పట్టుకుపోవాలంట. ఎవడు చేస్తాడు ఆ ఎండల్లో? ఖాళీ బాటిళ్ళు అంజయ్యన్న చేతిలో పెట్టి "నింపి రేపు పొద్దున బస్సులో పంపించు" అని చెప్పి పోయేవాడు. అంజయ్యన్న మర్నాడు బాటిళ్ళు నింపుకుని నా దగ్గరకి వచ్చేవాడు. ఆయనకి రాయడం రాదుగా. చీటీ మీద ఊరి పేరు, స్కూలు బోరు, తేదీ, ఆయన పేరు నేను రాసి అంటించేదాన్ని. ఇరవై రెండు చీటీలూ నా చేతి రాతే. ఎక్కడి నీళ్ళన్నా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలా.

బస్సెక్కాక గోపిక ఆయన ఒళ్ళో నిద్రపోయింది. ఊరు ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా నోరు విప్పాడు.

"చెల్లే, ఆ బాటిళ్ళల్లోయి స్కూలు బోరు నీళ్ళు కాదు."

"మరి యాడియి?"

"కొండ కింద ఊటబావియి. బావి ఎండినాక, సత్తార్ ఆటోలో ఫిల్టరు నీళ్ళ క్యాన్ వస్తది గదా, అది కొని పోసి పంపిచ్చా."

ఊటబావి మూడు కిలోమీటర్లు. అమృతం లాంటి నీళ్ళు, కాకపోతే రోజుకి పది బిందెలకంటే ఊరవు. ఊరికి పెళ్ళివారొచ్చినా, పాస్టరు గారొచ్చినా ఆ నీళ్ళే తెచ్చి ఇచ్చేవాళ్ళం. మిరప చేలకి లోతు బోర్లు వేశాక మూడేళ్ళ కింద అదీ ఎండిపోయింది.

"ఎందుకన్నా? ఎందుకట్టా చేశావు?"

"మచ్చు గదా చెల్లే" అన్నాడు.

మా వైపు మిరపకాయ అమ్మాలంటే ముందు మచ్చు తీసుకుపోవాలి. కల్లంలో కూర్చుని, తాలు కాయా మచ్చల కాయా ఏరి అవతల పారేసి, ఎర్రగా నిగనిగలాడే కాయలు ఏరి సంచిలో పోసుకుని గుంటూరు యార్డుకి పోతారు. అదే మచ్చు. కొట్టువాడు దాన్ని చూసి రేటు కడతాడు. పుట్టినప్పటి నుంచీ ఆయన చూసింది అదే, నేను చూసిందీ అదే.

"తాలు కాయ మచ్చు పట్టకపోయే రైతు ఎవడన్నా ఉంటాడా చెల్లే? పేటలో పెద్ద పెద్ద ఆఫీసర్లు తాగి చూస్తారనుకున్నా. మన చప్పిడి నీళ్ళు పంపిస్తే ఊరి పరువేం గావాల? ఈ అంజయ్యకి నీళ్ళు చూసుకోవడం చేతగాదు అనుకోరూ? బాటిలు చింతపండేసి తోమి, సైకిలేసుకుని బావి కాడికి పోయి, పైన తేరిన నీళ్ళు ముంచి తెచ్చేవాణ్ణి. నాలుగు మంచి మాటలు అనుకుంటారని."

అప్పుడు తిట్టాను. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రోగమొచ్చినోడి రక్తం పరీక్షకి పంపమంటే పక్కింటి పయిల్వాను రక్తం పంపిస్తావా? పరువంట, పరువు! ఆ పరువు తీసుకెళ్ళి పిల్ల కాళ్ళకి కట్టు! పిచ్చమ్మ వదిన మెడకి కట్టు! ఇరవై రెండు సార్లయ్యా, ఒక్కసారి చేతికి అందిన నీళ్ళు పంపినా ఈపాటికి ఊరు బాగుపడేది!" కండక్టరు తిరిగి చూశాడు. ముందు సీటు ముసలామె "ఊరుకో తల్లీ, పెద్దాయన" అంది. ఊరుకోలా నేను. గోపిక ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఆయన దాన్ని భుజానేసుకుని వీపు నిమురుతూ కిటికీ వైపు తిరిగాడు.

ఇంటికొచ్చాక నా కోపం నా మీదికి తిరిగింది. తిలా పాపం తలా పిడికెడు. ఎండకి జడిసి బాటిళ్ళు ఇచ్చిపోయినోడిది ఒక పిడికెడు, కాశ్మీరు నీళ్ళని చూసి నవ్వుకుని ఊరుకున్నోళ్ళది ఒక పిడికెడు, చీటీ రాసిన నాది ఒక పిడికెడు. కానీ ఊరి ముందు నిలబడాల్సింది మాత్రం ఆయన ఒక్కడే.

శ్రీకర్‌కి చెప్తే తల పట్టుకున్నాడు. "మళ్ళీ టెస్టు చేయిద్దాం మేడం. కానీ ఇరవై రెండు రిపోర్టులు ఒకవైపు, ఈ ఒక్కటి ఒకవైపు. పైపు కోసం నాటకం ఆడుతున్నారంటారు. పాత శాంపిళ్ళు ఆ బోరువి కావని, వేరే నీళ్ళు పోశానని పంపినాయనే రాసివ్వాలి."

"రాసిస్తే ఉద్యోగం పోద్దా బాబూ?" అని అడిగాడు అంజయ్యన్న.

"పోవచ్చు తాతా. కేసు కూడా పెట్టొచ్చు."

ఆ ఉద్యోగం పోతే ఆయన ఏమవుతాడో నాకు తెలుసు. అరవై దగ్గర పడ్డాయి. పెళ్ళాం మంచంలో ఉంది. పింఛను లేదు. అన్నిటికంటే, పొద్దున్నే లేచి పోవడానికి ఆ పంపుగది లేకపోతే ఆ మనిషికి ఊపిరి ఆడదు. సచివాలయం వరండాలో గోపిక గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ తాత దగ్గరకి వస్తోంది. ఆయన దాన్నే చూస్తూ "రాయి చెల్లే" అన్నాడు.

చీటీలు రాసిన చేత్తోనే అదీ రాశాను. ఆయన వేలిముద్ర వేశాడు.

గ్రామసభలో శ్రీకర్ ఆ కాగితం చదివినప్పుడు ముందు ఎవరికీ తలకెక్కలా. ఎక్కాక మొదలైంది. "ఊరిని చంపావు గదరా" అన్నాడు ఒకడు. "మా అమ్మ మంచాన పడి చచ్చింది నీ వల్లే" అన్నాడు ఇంకొకడు. వాల్వు వరస మార్చినందుకు కోపం పెట్టుకున్న పైబజారు వాళ్ళకి పండగైంది. మా పల్లె వాళ్ళు కూడా నోరు మెదపలా. నేను లేచి చీటీలు రాసింది నేనేనని చెప్పాను, ఎవరూ పట్టించుకోలా. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిట్టినవాళ్ళందరి వంకా చూస్తున్నాడు. చివరికి ఆయన కోడలు తిరుపతమ్మ లేచింది. పిల్ల కాళ్ళ గురించి ఆరు నెలలుగా చర్చిల చుట్టూ, దర్గాల చుట్టూ, గుళ్ళ చుట్టూ తిరిగిన మనిషి. గట్టిగా కూడా మాట్లాడలా.

"మంచి నీళ్ళు వాళ్ళకి పంపి, నా బిడ్డకి ఇయ్యి పోశావా మామా?" అంది.

ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా పనిలోంచి తీసేశారు. మోటారు గది తాళం పంచాయితీలో ఇచ్చి ఇంటికి పోయి, ఆ ఖాకీ చొక్కా విప్పి మడత పెట్టి పిచ్చమ్మ వదిన తల కింద పెట్టాడంట. ఆమె చెప్పి ఏడ్చింది. మెడ కదలక, కన్నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేకపోయింది. నేనే తుడిచాను.

శ్రీకర్ స్కూలు బోరు దగ్గర నిలబడి, ఫోన్లో ఫొటోలు తీసి, తన చేత్తో నీళ్ళు పట్టి తీసుకెళ్ళాడు. రిపోర్టు వచ్చింది. నాలుగు పాయింట్ ఆరు. ఉండాల్సిన దానికి మూడింతలు. ఊరి చివర బోరుది నాలుగు. మళ్ళీ పేట పోయాం. అంజయ్యన్న బయటే నిలబడ్డాడు, లోపలికి రాలా.

ఆఫీసరు రిపోర్టు చదివాడు, వేలిముద్ర కాగితం రెండు సార్లు చదివాడు. ఈసారి కాశ్మీరు ఊసెత్తలా. "మీ ఊరికి హక్కుందమ్మా. అందరికంటే ముందు ఇవ్వాల్సిన ఊరు. కానీ ఈ విడత లిస్టు మూసేశాం. టెండర్లు అయిపోయాయి, పైపులు కూడా దింపేశారు. రెండో విడతలో మొదటి పేరు మీదే పెడతాను."

"ఎన్నాళ్ళు సార్?"

"మూడేళ్ళు అనుకోండి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్లా. డాక్టరు చెప్పిన మూడేళ్ళూ, ఈయన చెప్పిన మూడేళ్ళూ ఒకటే మూడేళ్ళు. బయటికొచ్చి అంజయ్యన్నకి చెప్తే, వేళ్ళు మడిచి గోపిక వయసు లెక్కేసుకున్నాడు. "పదేళ్ళు దగ్గర పడతయ్ దానికి" అన్నాడు.

పక్క ఊరికి పోయే సాగర్ నీళ్ళ పైపు మా క్రాస్ రోడ్డు దగ్గరే మలుపు తిరిగి పోయింది. గోతులు తవ్వినన్నాళ్ళూ అంజయ్యన్న రోజూ అక్కడికి పోయి కూర్చునేవాడు. ఫిట్టర్లతో మాట కలిపి, ఇక్కడి నుంచి మా ట్యాంకుకి ఎన్ని పైపులు పడతాయో అడిగి తెలుసుకున్నాడంట. వాళ్ళు నవ్వి "పైనుంచి ఆర్డరు తెచ్చుకో పెద్దాయనా" అన్నారంట. తర్వాత గోతులు పూడ్చేసి వాళ్ళూ పోయారు. ఆ పైపులోకి నీళ్ళు మాత్రం ఇంకా వదల్లా.

ట్యాంకరు పెట్టమని అర్జీ ఇస్తే నాలుగు వారాలు వచ్చి ఆగిపోయింది. గోపికని రాజుపాలెంలో తిరుపతమ్మ పుట్టింటికి పంపుదామనుకున్నారు. అక్కడ దాని అమ్మమ్మ లేదు, మేనమామ పెళ్ళాం పొద్దున పోతే పొద్దుగూకే దాకా పత్తి చేలోనే. ఈ పిల్లని ఎత్తి దించేదెవరు? తిరుపతమ్మే వెంట పోతే ఇక్కడ మంచంలో ఉన్న అత్తని చూసేదెవరు? ఇంక సత్తార్ ఆటో క్యానే దిక్కు. ఆ నీళ్ళతో గోపికకి వేరే చిన్న గిన్నెలో అన్నం వండేది తిరుపతమ్మ. మిగతా ఇంటికంతా బోరు నీళ్ళే. అంజయ్యన్న ఆ వయసులో మిరప కోతలకి కూలికి పోయాడు, క్యాను తప్పకూడదని. పిల్ల బుగ్గలు కాస్త తేరుకున్నయ్ కూడా. నాకు కొంచెం ఆశ పుట్టింది.

మే నెల వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. క్యాన్లు నింపే ప్లాంటు బోరే ఎండిపోయింది. సత్తార్ ఆటో రాక ఆరు రోజులయ్యింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఆర్డరు దిగింది. మా ఊరి పంపులన్నిటికీ ఎర్ర రంగు వెయ్యాలి, ఈ నీళ్ళు తాగరాదు అని తెలిసేటట్టు. మా ఇన్ని నెలల పోరాటానికి ముందుగా ఊళ్ళోకి వచ్చింది ఒక డబ్బా ఎర్ర రంగు. వెయ్యడానికి మనిషి లేడు. కొత్త ఆపరేటరు "అది నా డ్యూటీ కాదు" అన్నాడు. అంజయ్యన్న పంచాయితీకి పోయి డబ్బా అడిగి తెచ్చుకున్నాడు.

పొద్దున తొమ్మిదికే ఎండ చురచురలాడుతోంది. స్కూలు ముందు బోరింగు పంపుకి ఆయన రంగు వేస్తుంటే నేను అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా ఇద్దరికీ మాటలు తగ్గి చానా రోజులైంది. అడుగు నుంచి మొదలుపెట్టి, గొట్టానికి వేసి, హ్యాండిలుకి వేశాడు. ఎక్కడా పాత రంగు కనబడకుండా, ఏ పనైనా చేసినట్టే శ్రద్ధగా వేశాడు.

తిరుపతమ్మ బిందె తీసుకుని వచ్చింది. గ్రామసభ తర్వాత మామతో ఆమె మాట్లాడిందే తక్కువ. ఎర్రగా మెరుస్తున్న పంపుని చూసింది, ఆయన్ని చూసింది. బిందె తీసుకొచ్చి గొట్టం కింద పెట్టింది.

"ఎవరికమ్మా?" అన్నాడు అంజయ్యన్న.

"గోపికకి. రాత్రి నుంచి క్యాన్లో చుక్క లేదు. అన్నం అడుగుతోంది."

నేను ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాను. వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పి ఏ నీళ్ళిస్తాను? నా కుండలో ఉన్నయ్యి కూడా ఆ పంపువే.

తిరుపతమ్మ హ్యాండిలు మీద చెయ్యి వెయ్యబోయింది. అంజయ్యన్న అడ్డం వచ్చాడు. ఆపుతాడనుకున్నాను.

"రంగు పచ్చిగా ఉందమ్మా, చేతికి అంటుద్ది. నేను కొడతాలే" అన్నాడు.

రెండు చేతులా హ్యాండిలు పట్టుకుని, బిందె నిండేదాకా కొట్టాడు.